పిడుగుకు దారి చూపించడానికి మొర్రిగుంపు దాకా

మే నెల చివర్లో, మధ్యాహ్నం దాటితే ఆకాశం నల్లబడే రోజుల్లో, భద్రాచలం దాటి అడవి లోపలికి ఎవరూ సరదాకి వెళ్లరు. నేనూ సరదాకి వెళ్లలేదు. నాలుగు రోజులుగా అన్నం సయించక, ఆఫీసు కుర్చీలో పది నిమిషాలు కుదురుగా కూర్చోలేక వెళ్లాను. మాది సత్తుపల్లి. ఖమ్మంలో సెల్ టవర్ల నిర్వహణ చూసే ఒక చిన్న సంస్థలో పదకొండేళ్లుగా ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఈ బ్లాగులో ఇంతవరకు కుసుమంచి పాత గుడి దగ్గర్నుంచి పాపికొండల పడవ దాకా సెలవు రోజుల తిరుగుళ్లే రాశాను. ఇది పని మీద వెళ్లిన ప్రయాణం. అయినా చర్ల వైపు అడవి దారి పట్టాలనుకునేవాళ్లకు దారి వివరాలు పనికొస్తాయని, మిగతాది మనసులో ఉంచుకోలేక రాస్తున్నాను.

చర్ల దాటాక ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వైపు అడవి అంచున ఒక కోయ గూడెం ఉంది. అసలు పేరు రాయను, మొర్రిగుంపు అనుకుందాం. చుట్టుపక్కల ఆరేడు గూడేలకు అక్కడి టవర్ ఒక్కటే ఆధారం. ఆ టవర్ గదిలోని సామాను మార్చిలో ఒకసారి, ఏప్రిల్ చివర్లో ఒకసారి, మే మధ్యలో మరోసారి కాలిపోయింది. పిడుగు పడినప్పుడో, పోయిన కరెంటు ఒక్కసారిగా తిరిగి వచ్చినప్పుడో లైనులో వోల్టేజీ ఉప్పెనలా లేస్తుంది. దాన్ని పరికరాల దాకా రానీయకుండా భూమిలోకి మళ్లించడానికి సర్జ్ అరెస్టర్ అని అరచేతిలో పట్టేంత పెట్టె పెడతాం. ప్రతిసారీ పరికరాలతోపాటు అదీ కాలిపోయింది. ప్రతిసారీ కొత్తవి పంపిస్తూ కాగితం మీద నేనే సంతకం పెట్టాను.

మూడోసారి కాలాక మా మేనేజరు, ప్రకృతి వైపరీత్యం అని ఒక్క లైను రాసి ఫైలు మూసెయ్యమన్నారు. ఇంకోసారి కాలితే అక్కడి సామాను ఎత్తేసి వేరే చోటికి మార్చాలని పైవాళ్లు అనుకుంటున్నారని కూడా చెప్పారు. సరే అన్నాను. ఆ మధ్యాహ్నమే ఒక ఫోన్ వచ్చింది. మొర్రిగుంపు ఆశా కార్యకర్త, పేరు సమ్మక్క. మా టెక్నీషియన్ దగ్గర నా నంబరు తీసుకుని, గుట్ట ఎక్కి చేస్తున్నానని చెప్పింది. ఆయాసం వినపడుతోంది. కోపంగా మాట్లాడలేదు. "మేడమ్, డబ్బా కాలితే మీకు సామాను పోతది. మాకు 108 పోతది. పోయిన నెల ఒకాయనకు పాము కరిచింది, ఫోన్ కలవలే. జర మీరే ఒకసారి వచ్చి చూడుర్రి" అంది. చూస్తానని చెప్పి పెట్టేశాను.

తర్వాత ఆ సైటు పాత ఫైలు తీశాను. రెండేళ్ల కిందట టవర్ నిలబెట్టినప్పుడు ఎర్తింగ్ గుంత తవ్వి, రాడ్ దింపి, మీటరు పెట్టి కొలిచినట్టు గుత్తేదారు పంపిన ఫొటోలు అందులో ఉన్నాయి. గుంత మీది సిమెంటు మూతకు ఒక మూల పగులు. అదే మూత, అదే పగులు, అదే వారం వచ్చిన ఇంకో ఊరి ఫైలులో కూడా చూసిన సంగతి నాకు గుర్తుంది. అప్పుడే అనుమానం వచ్చి ఫోన్ చేస్తే, రెండు సైట్లూ ఒకే రోజు చేశాం మేడమ్, ఫొటోలు అటూ ఇటూ కలిసిపోయాయి, సరైనవి పంపుతాం అన్నారు. నెలాఖరు పని ఒత్తిడిలో ఆ ఫొటోలు వచ్చాయో లేదో నేను మళ్లీ చూడలేదు. సంతకం పెట్టేశాను. ఆ గుత్తేదారు ఇప్పుడు మా దగ్గర లేడు. నా సంతకం మాత్రం ఉంది.

శుక్రవారం పొద్దున ఐదింటికి ఖమ్మం బస్టాండులో భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా మూడు గంటలకు కాస్త అటూ ఇటూగా పడుతుంది. తెలంగాణ ఆధార్ కార్డు ఉన్న ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్‌లో జీరో టికెట్, అంటే ఉచితం, మగవాళ్లకు రెండు వందలపై చిల్లర. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోకండి, ఏన్కూరు దాటాక ఎండ నేరుగా మొహం మీద కొడుతుంది. నా కాళ్ల దగ్గర ఎర్త్ కొలిచే మీటరు పెట్టె, ఒళ్లో కొత్త అరెస్టర్లున్న సంచీ. జూలూరుపాడు దగ్గర అడవి మొదలైంది. మామూలుగా అయితే ఫోన్ పక్కన పెట్టి ఆ టేకు చెట్లనే చూస్తాను. ఆ రోజు వాతావరణం యాప్ తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం. మధ్యాహ్నం ఉరుములతో వాన అని చూపిస్తోంది. పాల్వంచలో బస్సు పదిహేను నిమిషాలు ఆగితే కిందికి దిగి టీ కూడా తాగకుండా బస్సు చుట్టూ తిరిగాను. కండక్టరు చూసి, ఎవరికన్నా ఒంట్లో బాగాలేదా అమ్మా అని అడిగాడు. లేదన్నాను.

ఎనిమిదిన్నరకు గోదావరి వంతెన దాటాం. ఎండాకాలం కదా, ఇసుక మేటల మధ్య నీళ్లు పాయలుగా పారుతున్నాయి. బస్టాండు ఎదురు సందులో ఒక చిన్న టిఫిన్ హోటలుంది. మా టెక్నీషియన్ వేరే సైటుకు వెళ్లాల్సి వచ్చి టవర్ తాళంచెవి అక్కడ ఇచ్చి వెళ్లాడు. పెనం ముందున్న వంటావిడ చెంగుకు ముడివేసుకున్న తాళంచెవి తీసి ఇస్తూ, తినకుండా ఆ దారి పట్టొద్దు, చర్ల దాటితే ఏమీ దొరకదు అని ఒక పెసరట్టు ముందు పెట్టింది. సగం తిన్నాను. మిగతాది కాగితంలో చుట్టి నా సంచీలో పెట్టేసింది.

పక్క వీధిలో ఎలక్ట్రికల్ దుకాణంలో రెండు పొడవాటి రాగి పూత రాడ్లు, ఒక చుట్ట ఇనుప పట్టీ, ఎర్త్ గుంతలో తేమ నిలవడానికి పోసే పొడి నాలుగు బస్తాలు తీసుకున్నాను. అనుమానం నిజమైతే తిరిగి వచ్చి కొనుక్కునే టైము ఉండదు. ఇంత సామానుతో బస్సు కుదరదు కాబట్టి యాకూబ్ అనే ఆయన చిన్న ట్రాలీ బండి మాట్లాడుకున్నాను. రానూపోనూ రెండున్నర వేలు. సామాను లేకపోతే చర్ల దాకా బస్సులున్నాయి, గంటన్నర పైన పడుతుంది. అక్కడి నుంచి షేర్ ఆటోలు సంతరోజు తప్ప తక్కువ.

యాకూబ్‌కు యాభై దాటి ఉంటాయి. దుమ్ముగూడెం దాకా పామాయిలు తోటల పక్కన నడిపిస్తూ తన కూతురి నర్సింగ్ చదువు సంగతులు చెప్పాడు. నేను ఊఁ కొడుతూ పడమటి వైపు చూస్తున్నాను. దూరంగా తెల్లటి మబ్బు ఒకటి గోపురంలా పైకి లేస్తోంది. ఆయనా చూశాడు. మొర్రిగుంపుకు ముందు ఒక వాగుందని, దాని మీద వంతెన లేదని, వాన పడితే బండి అవతలే ఉండిపోవాల్సి వస్తుందని చెప్పాడు. "మూడింటి లోపు తేల్చేయాలె మేడమ్. గట్లయితేనే ఈ పూట వాపస్ వస్తం" అన్నాడు. చర్ల దాటాక చెక్‌పోస్టు దగ్గర ఆపి పేర్లు రాసుకున్నారు. ఎవరు వెళ్లినా గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి, మర్యాదగానే మాట్లాడతారు, పావుగంట పోతుందంతే. ఆ పావుగంటలో నేను నాలుగుసార్లు గడియారం చూసుకున్నాను.

పదకొండున్నరకు మొర్రిగుంపు చేరాం. ముప్పై నలభై ఇళ్లు, వాకిళ్లు నున్నగా అలికి ఉన్నాయి. కొన్ని ఇళ్ల ముందు బీడీలు చుట్టే తునికాకు కట్టలు ఎండబోసి ఉన్నాయి. గూడెం చివర రాళ్ల మిట్ట మీద టవర్. బండి చప్పుడు విని సమ్మక్క వచ్చింది. గులాబీ రంగు చీర, మెడలో కార్డు, నా ఈడుదే. వస్తారనుకోలేదని నేరుగానే అంది. ఫోన్‌లో అందరూ వస్తామంటారని నవ్వింది.

ముందు గది తాళం తీశాను. కాలిన వాసన ఇంకా ఉంది. పోయిన వారం మార్చిన పరికరాలు పనిచేస్తున్నాయి, కానీ వాటి ముందున్న అరెస్టర్ నుంచి ఎర్త్‌కు వెళ్లే తీగను కత్తిరించకుండా చుట్టలు చుట్టి టేపుతో కట్టేశారు. అది పెద్ద తప్పు. పిడుగు దెబ్బ కన్నుమూసి తెరిచేలోపు అయిపోతుంది, ఆ తీగ ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా ఉంటే అంత మంచిది. చుట్టలు దాన్ని అడ్డుకుంటాయి. ఇలా కట్టి పంపింది మా వాళ్లే. దాన్ని ఫొటో తీసుకుని బయటికి వచ్చి, గోడ మీదుగా నేలలోకి దిగుతున్న ఇనుప పట్టీ దగ్గర కూర్చున్నాను. మీటరు తగిలించి చూస్తే అంకె చూపించలేదు. కొలతకు అందనంత అడ్డు ఉందని దానర్థం. ఇంకో చోట మేకులు దిగ్గొట్టి మళ్లీ కొలిచాను. అంతే.

యాకూబ్ దగ్గర గడ్డపార ఉంది. పట్టీ పక్కన తవ్వడం మొదలుపెట్టాడు. మూర లోతు వెళ్లలేదు, గడ్డపార కింద ఏదో కదిలింది. చేత్తో మట్టి తీశాను. పట్టీ అక్కడితో అయిపోయింది. కింద రాడ్ లేదు, గుంత లేదు, పొడి లేదు. చివర తుప్పు పట్టి ఉట్టిమట్టిలో ఉంది. ఆ కొసను ఫొటో తీసుకున్నాను. ఎండ నెత్తి మాడుస్తోంది. మూడు అరెస్టర్లు తమ పని తాము చేశాయి. వచ్చిన వోల్టేజీ ఉప్పెనను ఈ పట్టీలోకే తోశాయి. దానికి ముందుకు పోయే దారి లేక వెనక్కి తిరిగి గదిలో ఉన్నవన్నీ కాల్చేసింది.

ఏమైందని సమ్మక్క అడిగింది. ఇక్కడ ఎర్తింగ్ అసలు చేయలేదని చెప్పాను. ఎవరు చేయలేదని అడిగింది. గుత్తేదారు అని నోటిదాకా వచ్చింది. పని చేయకుండా అతను తప్పు చేశాడు, చేసినట్టు నేను ఒప్పుకున్నాను, ఇక్కడికి రాకుండానే సంతకం పెట్టాను అని చెప్పాను. ఆమె వంగి ఆ తుప్పు కొసను చేత్తో తిప్పి చూసింది.

కొత్తగా గుంత తవ్వాలి. కానీ టవర్ చుట్టూ అంతా రాయి. మూడు చోట్ల గడ్డపార వేస్తే మూడు చోట్లా నిప్పురవ్వలు వచ్చాయి. టైము పన్నెండు ముప్పావు. తెల్ల మబ్బు అడుగున నలుపు తిరిగింది. నేను మిట్ట చుట్టూ పిచ్చిదానిలా తిరుగుతుంటే, ఇక్కడ వానాకాలంలో కూడా నీళ్లు నిలవవు, కింద చెలక దగ్గరైతే మెత్తగా ఉంటుందని సమ్మక్క చెప్పింది. టవర్ కంచెకు పదిహేను అడుగుల దూరంలోనే, మిట్ట దిగగానే ఒక చెలక, మెట్ట చేను, ఉంది. అది ఎవరిదని అడిగాను. ఆమె కొంచెం ఆగి, ముత్తయ్యది, పాము కరిచింది ఆయనకే అంది.

ముత్తయ్య ఇంటి ముందు తునికాకు కట్టలు తిరగేస్తున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. నలభై ఐదేళ్లుంటాయి. కుడిచేతికి చూపుడువేలు, మధ్యవేలు లేవు. దారిలో సమ్మక్క మొత్తం చెప్పింది. ఏప్రిల్ చివర్లో తునికాకు కోస్తుంటే పొదలోంచి రక్తపింజర కరిచింది. టవర్ ఆగిపోయి అప్పటికి రెండు రోజులు. సమ్మక్క రెండు కిలోమీటర్లు నడిచి గుట్ట ఎక్కి 108కి చేసింది. అది వచ్చేసరికి చేయి మోచేతి దాకా వాచిపోయింది. భద్రాచలం దవాఖానాలో ప్రాణం నిలబెట్టారు, వేళ్లు నిలవలేదు.

ఆయన తెలుగు మాట్లాడతాడు, కానీ మొదట సమ్మక్కతో కోయలోనే మాట్లాడాడు. నాకు అర్థం కాలేదు. ఆయన చూపు నా చేతిలోని మీటరు మీద ఉంది. సమ్మక్క నా వైపు తిరిగి, మా చెలకలో గుంత ఎందుకు తవ్వాలి, టవర్ పెట్టినప్పుడు మమ్మల్ని అడిగారా అంటున్నాడని చెప్పింది. న్యాయమే. నేను నిలబడే ఉన్నాను. ఆయన కూర్చోమనలేదు. సమ్మక్కతో చెప్పించడం బాగుండదనిపించి నేనే తెలుగులో చెప్పాను. రెండేళ్ల కిందట నేను ఇక్కడికి వచ్చి చూసి ఉంటే పట్టీ కింద ఏమీ లేదని తెలిసేది. వచ్చిన కాగితం చూసి సరే అన్నాను. ఆ రోజు మీకు ఫోన్ కలవకపోవడంలో నా తప్పు ఉంది.

ఆయన కట్టలు తిరగేయడం ఆపాడు. ఎడమచేత్తో కుడిచేయి నిమురుకుంటూ టవర్ వైపు చూశాడు. తర్వాత తెలుగులో అడిగాడు.

"అప్పుడు రాలే. ఇప్పుడెందుకొచ్చినవ్?"

"ఇంకోసారి కాలితే టవర్ తీసేస్తామంటున్నారు" అన్నాను. "కాలకుండా చేయొచ్చు. నాకు చేతనవుతుంది."

"తవ్వినంక చూడకుండ పోతవా మళ్ల?"

"కొలిచి చూసే పోతాను. మీకు చూపించే పోతాను."

ఆయన లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ఇంట్లోకి వెళ్లి పార తెచ్చి నా ముందు నడిచాడు. చెలకలో ఒక మూలకు తీసుకెళ్లి కాలితో నేల గీసి, ఎండాకాలం కూడా ఇక్కడ లోపల తడి ఆరదు, ఇక్కడైతే పని అవుతుందన్నాడు. సమ్మక్క కేక వేస్తే ఇంకో నలుగురు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు వచ్చారు. రెండు గుంతలు ఒకదానికొకటి దూరంగా తవ్వాలి. మొదటి గుంతలో రెండడుగులు దిగేసరికి మట్టి రంగు మారి నల్లగా, చేతికి అంటుకునేలా వచ్చింది. మీటరు కన్నా ముందే నా ప్రాణం కొంచెం కుదుటపడింది. ముత్తయ్య పార పట్టుకోలేక పట్టుకుంటూ తవ్వుతున్నాడు. వద్దని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. సంచీలో మిగిలిన సగం పెసరట్టు యాకూబ్ తిన్నాడు. నాకు ఆకలి గుర్తు కూడా లేదు.

రాడ్లు సుత్తితో దింపి, చుట్టూ పొడి కలిపి పోసి, ఆడవాళ్లు బిందెలతో తెచ్చిన నీళ్లతో తడిపి, కొత్త పట్టీని చెలక నుంచి టవర్ కాలుకూ, గదికీ బోల్టులతో బిగించేసరికి రెండు నలభై. లోపలికి వెళ్లి కొత్త అరెస్టర్లు పెట్టి, ఆ చుట్టల తీగ తీసేసి, జానెడు తీగతో తిన్నగా కలిపాను. ఎన్నిసార్లు వోల్టేజీ ఉప్పెన భూమిలోకి వెళ్లిందో లెక్కపెట్టే చిన్న మీటరు ఒకటి బిగించాను. దాని మీద సున్నా. ఎర్త్ మీటరు తగిలించి ముత్తయ్యను పిలిచాను. ఆయన వంగి చూశాడు. పొద్దున ఏ అంకే లేని చోట ఇప్పుడు మూడు ఓములకు లోపు చూపిస్తోంది. తక్కువుంటే మంచిదా అని అడిగాడు. అవునన్నాను. తల ఊపాడు.

అప్పటికే గాలి మొదలైంది. యాకూబ్ హారన్ కొడుతున్నాడు. ఇప్పుడు బయల్దేరితే వాగు దాటిపోతాం. ముత్తయ్య నా వైపు చూడలేదు, చెలకలో పార మట్టి దులుపుతున్నాడు. వాన అయ్యేదాకా ఉంటానని యాకూబ్‌తో చెప్పాను. ఆయన ఒక నిమిషం మబ్బు వైపు, ఒక నిమిషం నా వైపు చూసి ఇంజిను ఆపేశాడు. ఇంటికి ఫోన్ చేసి, వాగు తగ్గితే వస్తానని చెప్పాడు.

టవర్ దగ్గర ఉండకూడదు కాబట్టి అందరం అంగన్‌వాడీ భవనంలోకి వెళ్లాం. మూడున్నరకు పడింది వాన. కిటికీలోంచి టవర్ కనపడుతోంది, మధ్యమధ్య వాన తెరలో మాయమవుతోంది. మొదటి ఉరుముకు కరెంటు పోయింది. నా ఫోన్ మీద సిగ్నల్ గీతలు నాలుగూ ఉన్నాయి. టవర్ బ్యాటరీల మీద నడుస్తోంది. రెండో మెరుపు మిట్టకు అవతల పడింది. మూడోది ఎక్కడ పడిందో చెప్పలేను, వెలుతురూ చప్పుడూ ఒక్కసారే వచ్చాయి. అంగన్‌వాడీ తలుపు గడియ గలగలలాడింది. పిల్లలెవరో ఏడ్చారు. నేను ఫోన్ వైపు చూశాను. గీతలు లేవు.

సమ్మక్క తన ఫోన్ చూసుకుని నా మొహం వైపు చూసింది. ముత్తయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు, ఆయన దేన్నీ చూడడం లేదు. నేను లేచి తలుపు దాకా వెళ్లి, వానలో పోకూడదని నాకు నేనే చెప్పుకుని, తిరిగి వచ్చి, మళ్లీ వెళ్లాను. ఎంతసేపయిందో తెలియదు. సమ్మక్క ఫోన్ ఒక్కసారిగా మోగింది. ఆపకుండా మోగింది. చర్ల నుంచి ఎవరో ఏఎన్ఎం, టీకాల గురించి. సమ్మక్క మాట్లాడుతుంటే నేను నా ఫోన్ చూసుకున్నాను. నాలుగు గీతలు. పరికరాలు ఆ దెబ్బకు తమను తాము ఆపుకుని, మళ్లీ మొదలయ్యాయి. అంతే జరిగింది.

ఐదింటికి వాన వెలిసి, ఉరుములు దూరం పోయాక టవర్ గది తెరిచాను. కాలిన వాసన కొత్తగా ఏమీ లేదు. లెక్కపెట్టే మీటరు మీద రెండు ఉంది. రెండు పెద్ద దెబ్బలు వచ్చి చెలక మూల నుంచి భూమిలోకి దిగిపోయాయి. ముత్తయ్యను పిలవలేదు, ఆయనే వెనకాల వచ్చి నిలబడ్డాడు. ఆ రెండు ఏందని అడిగాడు. చెప్పాను. వేళ్లు లేని చేతిని ఒకసారి ఆ పెట్టె మీద ఆనించి తీశాడు. "మంచిగనే చేసినవ్" అన్నాడు. క్షమించానని అనలేదు. నేను అడగలేదు.

వాగు ఆ సాయంత్రం తగ్గలేదు. యాకూబ్ బండిలో, నేను సమ్మక్క ఇంట్లో పడుకున్నాం. చింతపండు పచ్చిపులుసు, జొన్న అన్నం పెట్టింది. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. పొద్దున ఆరింటికి మోకాలి లోతు నీళ్లలో బండి దాటింది. భద్రాచలం చేరి ఖమ్మం బస్సులో కూర్చున్నాక రిపోర్టు రాశాను. ప్రకృతి వైపరీత్యం అని రాయలేదు. పట్టీ కొస ఫొటో, చుట్టల తీగ ఫొటో, రెండు ఫైళ్లలో ఒకే గుంత ఫొటో పెట్టి, అనుమానం ఉండి కూడా సంతకం పెట్టింది నేనేనని పేరుతో సహా రాశాను. పంపే బటన్ నొక్కడానికి పాల్వంచ నుంచి కొత్తగూడెం దాకా పట్టింది. మేనేజరు సాయంత్రం పిలిచి, ఇంత వివరంగా రాయాల్సిన అవసరం ఏముందన్నారు. నాకు మెమో వచ్చింది. కొత్త సైట్లు ఆమోదించే పని నా నుంచి తీసేశారు. మొర్రిగుంపు టవర్ మాత్రం తీసేయలేదు. ఇది రాసే నాటికి వానాకాలం సగం అయింది, అక్కడి నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు. సమ్మక్క వారానికోసారి ఒక పదం మెసేజ్ పెడుతుంది: ఉంది.

మనసు కుదుటపడిందని రాస్తే ఈ టపా చదవడానికి బాగుంటుంది కానీ అది నిజం కాదు. ఈ రెండేళ్లలో ఫొటోలు చూసి నేను సరే అన్న సైట్లు మొర్రిగుంపు ఒక్కటే కాదు. వాటి జాబితా నా గోడ మీద అంటించాను. ఆదివారాలు ఒక్కొక్కటి చూసి వస్తున్నాను. వేంసూరు వైపు రెండు బాగానే ఉన్నాయి, ఇంకోదానికి రాడ్ ఉంది కానీ గుంత ఎండిపోయింది. పని మీద ఎవరూ పంపడం లేదు, నేనే వెళ్తున్నాను. ఇంట్లోవాళ్లు ఇది ఎప్పటికి తెములుతుందని అడుగుతున్నారు. నాకూ తెలియదు. ఒక మనిషి వేళ్లు పోయాక తెలిసిన సంగతి ఇంకో మనిషి విషయంలో ముందే తెలుసుకోవాలని తప్ప, ఇందులో పెద్ద ఆదర్శం ఏమీ లేదు. బస్సు ఎక్కినప్పుడు మాత్రం కొంచెం ఊపిరి ఆడుతుంది.

ఆ వైపు వెళ్లేవాళ్లకు ఒక్కటే మాట. చర్ల దాటి ఏ గూడేనికి వెళ్లినా, బండి దిగగానే ముందు అక్కడి ఆశా కార్యకర్తను కలిసి, సిగ్నల్ లేనప్పుడు ఫోన్ ఎక్కడ కలుస్తుందో, అక్కడికి నడక ఎంతసేపో అడిగి తెలుసుకోండి. గుట్ట అయితే ఒకసారి ఎక్కి చూసి రండి, అవసరం పడినప్పుడు దారి వెతుక్కునే టైము ఉండదు.